ఎండకు కట్టిన ఫ్లెక్సీ

ముప్పైరెండేళ్లు ఆరోగ్యశాఖలో పనిచేశాను. మొదట ఏఎన్‌ఎంగా సైకిలు మీద, తర్వాత అదే పని స్కూటీ మీద, చివరి తొమ్మిదేళ్లు సూపర్‌వైజరుగా. రిటైరయ్యాక వెంకటాచలంలో ఉంటున్నాను. మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఇద్దరు ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో గొప్పగా చెప్పుకునే సంగతి ఒకటి చెప్పండి, రాసుకుంటాం" అన్నారు. అలాంటివి నాలుగైదు ఉన్నాయి. అవి అడగని వాళ్లకు కూడా ఎప్పుడో చెప్పేశాను. నేను మొదలుపెట్టగానే మా ఇంట్లోవాళ్లందరికీ వంటింట్లో ఏదో ఒక పని గుర్తొస్తుంది. అందుకని ఆ పిల్లలకు కాఫీ ఇచ్చి పంపించేసి, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఒకటి కాగితం మీద పెడుతున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు. కానీ అమ్మాయిలూ, మీరు చేయబోయే పనికి ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

నాకు ముక్కు మీద కోపం. నోరు కూడా పెద్దదే. సముద్రం ఒడ్డు పల్లెల్లో నన్ను "పాలమేడం" అనేవాళ్లు, ఎదురుగా కాదులెండి, వెనకాల. ఏ ఇంట్లో గర్భిణి కనిపించినా, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగే లోపలే తల్లిపాల సంగతి ఎత్తేదాన్ని. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కాన్పయిన వెంటనే వచ్చే ముర్రుపాలను పిండి పారబోసేవాళ్లు. పచ్చగా, జిగటగా ఉంటాయి కాబట్టి బిడ్డకు అరగవని నమ్మకం. మూడు రోజులూ చక్కెర నీళ్లు, ఆముదం చుక్క, దొరికితే గాడిదపాలు. ఇవన్నీ బిడ్డ నోట్లో పోసేది ఉగ్గుగిన్నెతో. అందుకని నాకు ఉగ్గుగిన్నె కంటబడితే ఒళ్లు మండేది. "అటక మీద పెట్టండి, ఆరు నెలలు నిండేదాకా దించారంటే ఊరుకోను" అని, పెట్టేదాకా అక్కడే నిలబడేదాన్ని. కొన్నాళ్లకు నేను సందు మొదట్లో కనబడితే చాలు, ఉగ్గుగిన్నెలు మాయమయ్యేవి. అదంతా నా ఘనతే అనుకునేదాన్ని.

ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు చేస్తాం. నేను రిటైరు కావడానికి నాలుగైదేళ్ల ముందు ఆ వారోత్సవాలకు నాకొక కొత్త బుద్ధి పుట్టింది. పైనుంచి వచ్చే పోస్టర్లలో తల్లి మన పక్క మనిషిలా ఉండదు, మన పిల్లనే ఒకర్ని ఫోటో తీయించి పెద్ద ఫ్లెక్సీలు వేయిద్దామని. మా డాక్టరుగారిది చిన్న వయసు, పెళ్లి కాలేదు. తల్లిపాలు అనే మాట పలకడానికి మొహమాటపడి ఎప్పుడూ "ఫీడింగ్" అనేవారు. "ఫీడింగ్ సంగతి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు మేడం, మీ ఇష్టం" అని నాకు వదిలేశారు. అలా వదిలేస్తే నేను ఆగే మనిషిని కాదు.

కొడవలూరులో నాకు తెలిసిన రైతుల ఇంటి కోడలు ఒకామె ఉండేది. తొలి కాన్పు. బిడ్డకు అయిదో నెల, బొద్దుగా, బుగ్గలేసుకుని ఉన్నాడు. నెల్లూరు నుంచి ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకొని వెళ్లాను. ఆమె బిడ్డను ఒడిలోకి తీసుకొని, పూర్తిగా తన వైపు తిప్పుకొని, పొట్టకు పొట్ట ఆనించి రొమ్ముకు వేసుకుంది. వాడు కళ్లు మూసుకొని తాగడం మొదలుపెట్టాడు. ఫోటోగ్రాఫరు రెండు తీసి నాకు చూపించాడు. బిడ్డ నడినెత్తి, ఒక చెవి, అంతే. "మొహం కనపడకుండా ఏం ఫోటో మేడం" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. పైగా అది నలుగురు మగవాళ్లు తిరిగే చోట కట్టే ఫ్లెక్సీ, మర్యాదగా ఉండాలి కదా. నేనే వెళ్లి బిడ్డను ఆమె ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టాను. మొహం కెమెరాకు కనబడేలా మెడ మాత్రం కొంచెం పక్కకు తిప్పాను. పైట లాగి అంతా కప్పాను. ఆమెను కెమెరా వైపు చూసి నవ్వమన్నాను.

"ఇట్టా పెడితే వాడు తాగడు మేడం" అంది ఆమె.

"తాగక్కర్లేదమ్మా, ఫోటోకే గదా" అన్నాను.

ఫ్లెక్సీ చాలా బాగా వచ్చింది. నీలం రంగు మీద తల్లీబిడ్డా, కింద పెద్ద అక్షరాల్లో "అమ్మపాలు ఉండగా వేరే పాలెందుకు?" ఆ వాక్యం కూడా నేను రాసిందే. చూసిన వాళ్లంతా మెచ్చుకున్నారు. డాక్టరుగారు కూడా "చాలా డీసెంటుగా ఉంది మేడం" అన్నారు.

ఆ వారంలో సముద్రం ఒడ్డున ఒక చేపలు పట్టే పల్లెలో మీటింగు పెట్టాం. గర్భిణులు, బాలింతలు, అత్తలు అంతా వచ్చారు. భర్తల్ని కూడా రమ్మని చాటించాం కానీ, మగవాళ్లు నేను మైకు పట్టుకోగానే ఒక్కొక్కరే జారుకున్నారు. ఒక్కడు మాత్రం చివరిదాకా నిలబడ్డాడు. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లుంటాయి. ఫైబరు బోటు మీద వేటకు పోయే మనిషి. భార్యకు ఎనిమిదో నెల, తొలి చూలు. ఆమెకు తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. అందుకని పురుడు కూడా అత్తగారింట్లోనే. ఆ అబ్బాయి మీటింగు అయ్యాక నా దగ్గరకొచ్చి, చాలా వినయంగా అడిగాడు.

"మేడం, ఈ ఫ్లెక్సీ ఇంక మీకు పనికొస్తదా?"

"ఎందుకబ్బాయా?"

"మా వసారా తూరుపు మొగం. పొద్దున ఎండ లోపలికి కొడతాది. కాన్పయినాక బిడ్డను ఆడే పండబెట్టాల. అడ్డం కట్టుకుంటా."

మా వైపు జనం ఫ్లెక్సీలను అడిగేది వడ్లు ఆరబోయడానికి, దొడ్డి మీద కప్పుకోవడానికి. ఇతను బిడ్డ కోసం అడిగాడు. నాకు ముచ్చటేసింది. విప్పి ఇచ్చేశాను.

సెప్టెంబరులో ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఆరు వందల గ్రాములు. కొంచెం ముందుగా పుట్టిన పాప, నిద్రమొహం పాప. ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులూ అక్కడి సిస్టరే పాపను పట్టుకొని రొమ్ముకు పెట్టేది. చెయ్యి సిస్టరుది, పని సిస్టరుది. తల్లయిన ఆ పిల్ల సిగ్గుతో కళ్లు మూసుకొని కూర్చునేదట. మూడో రోజు ఇంటికి తీసుకొచ్చారు.

ఇళ్లకు వెళ్లి బాలింతల్ని చూసొచ్చే పని ఆశా కార్యకర్తది. ఆ పల్లె ఆశ అక్కడి మనిషే. నలభై దాటింది, నలుగురు పిల్లల్ని పెంచింది, మాట తక్కువ. ఏడో రోజు ఫోను చేసింది.

"మేడం, పాప రెండు కిలోల నాలుగొందలు ఉండాది. రెండొందలు తగ్గిపోయినాది."

"మొదటి వారం తగ్గడం మామూలే కదమ్మా. ఎన్నిసార్లు చెప్పినా మీటింగులో."

"అది సరే మేడం. పాప తాగేటప్పుడు గుటక వినపడలా నాకు."

"ఫారంలో గుటక అని కాలం ఉందా?"

"లేదు."

"పాలిస్తా ఉండాదా, లేదా? అది చెప్పు."

"ఇస్తా ఉండాది."

"అయితే అవును అని టిక్కు పెట్టు" అని ఫోను పెట్టేశాను.

అమ్మాయిలూ, ఈ నాలుగు మాటలూ మీరు రెండుసార్లు చదవండి. ఇన్నేళ్ల సర్వీసు ఉన్న నేను ఒకటి అడిగాను, ఆమె ఇంకోటి చెప్పింది. నేను "ఇస్తోందా" అన్నాను, ఆమె "తాగట్లేదు" అంది. ఇవ్వడం తల్లి పని, తాగడం బిడ్డ పని. మన ఫారాలన్నీ తల్లిని అడిగేవే. మీరు ఏ ఇంటికి వెళ్లినా "ఇస్తున్నావా" అని అడిగి రాసుకొని రావద్దు. కూర్చోండి. ఒకసారి బిడ్డ తాగేదాకా కూర్చొని చూడండి. ఎంతో సేపు పట్టదు. ఆ కాసేపు నేను పెట్టలేదు.

పన్నెండో రోజు ఆశ మళ్లీ ఫోను చేసింది. ఈసారి వివరాలేమీ చెప్పలేదు. "మీరు రావాల మేడం, ఇప్పుడే రావాల" అంది. ఆ రోజు బుచ్చిరెడ్డిపాలెంలో మీటింగుకు బయల్దేరుతున్నాను. విసుక్కుంటూనే స్కూటీ ఆ పక్కకు తిప్పాను.

వెళ్లేసరికి పొద్దున తొమ్మిదయింది. వసారాకు అడ్డంగా నా ఫ్లెక్సీ బిగించి కట్టి ఉంది, బొమ్మ లోపలి వైపు. ఎండ దాని మీద పడి లోపలంతా నీలంగా ఉంది. మంచం మీద ఆ పిల్ల, పక్కన పాప. అత్త చేపల గంప దించి అప్పుడే వచ్చినట్టుంది, చేతులు కడుక్కుంటోంది. మూల మూడు గిన్నెల్లో పాలసొర పిట్టు ఉంది. సొరచేపను ఉడికించి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి వేసి చేస్తారు. తింటే బాలింతకు పాలు పడతాయని ఆ పల్లెల్లో ఇరుగూ పొరుగూ పంపుతారు. మూడిళ్ల పిట్టూ ముట్టుకోకుండా అలాగే ఉంది. భర్త చొక్కా వేసుకొని నెల్లూరు పోవడానికి గడపలో నిలబడి ఉన్నాడు.

"డబ్బా పాలు తెస్తా మేడం. మీరు అడ్డం పడొద్దు" అన్నాడు. మీటింగులో నిలబడ్డప్పటి వినయం ఇప్పుడు లేదు. "అన్నీ మీరు చెప్పినట్టే చేసినాం. నీళ్లు గూడా తాపలా. బిడ్డకు పాలిచ్చేది గూడా చేతగాకపోతే నేనేం చేసేది?"

ఆ చివరి మాట భార్యను చూసి అన్నాడు. ఆమె తల ఎత్తలేదు.

పాపను ఎత్తుకున్నాను. తేలిగ్గా ఉంది. చర్మం వదులయింది. అరికాలు మీద గీరితే కళ్లు తెరిచి మళ్లీ మూసింది. తూకం వేస్తే రెండు కిలోల రెండు వందలు. ఉచ్చ ఎన్నిసార్లు పోస్తోందని అడిగితే అత్త పాప కింది గుడ్డ తడిమి చూసింది. నాకు భయం వేస్తే కోపంగా బయటికొస్తుంది, అది నా జబ్బు.

"ఏదీ, నా ముందు పాలియ్యి, చూస్తా" అన్నాను.

ఆ పిల్ల పాపను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టుకుంది. మెడ మాత్రం పక్కకు తిప్పింది. పైట లాగి అంతా కప్పింది. పాప నోటికి చనుమొన కొస మాత్రం అందింది, రెండుసార్లు చప్పరించి నిద్రపోయింది. ఆ పిల్ల మొహంలో నొప్పి కనబడుతోంది. ఓర్చుకొని అలాగే నిటారుగా కూర్చుంది.

నాకు పట్టలేని కోపం వచ్చింది. "ఎవురే నీకు ఇట్ట నేర్పింది? మెడ అట్ట తిప్పితే నువ్వు మింగగలవా? ఎవురు నేర్పినారు?" అని గట్టిగా అరిచాను.

ఆమె నా తల మీదుగా పైకి చూసింది. ఆశ కూడా అటే చూసింది. నేను వెనక్కి తిరిగాను.

నా ఎత్తు కంటే పెద్ద బొమ్మ. ఒడిలో వెల్లకిలా పడుకున్న బిడ్డ, పక్కకు తిప్పిన మెడ, నిండా కప్పిన పైట, కెమెరా వైపు చూసి నవ్వుతున్న తల్లి. పది రోజులుగా తల్లి లేని పిల్లకు తల్లిలాగా చెప్పడానికి ఆ ఇంట్లో ఉన్నది ఆ బొమ్మ ఒక్కటే. అత్త తెల్లవారకముందే గంపెత్తుకొని పోతుంది. ఉన్నప్పుడు కూడా కోడలి పైట తీసి చూడడానికి ఆమెకు సిగ్గు. ఈ పిల్ల చక్కగా, శ్రద్ధగా, బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చేసింది. అయిదు నెలల బలమైన బిడ్డ ఎలా పెట్టినా ఎలాగో లాక్కొని తాగుతాడు. అలాంటిది ఫోటో తీసిన రోజు వాడు కూడా తాగలేదు. ఇక పన్నెండు రోజుల నిద్రమొహం పాప ఏం తాగుతుంది?

అప్పుడు నా నోట వచ్చిన మాట చూడండి. "అది ఫోటోనమ్మా, నిజంగా అట్టా కాదు" అన్నాను. అన్నీ తెలిసిన మనిషి అమాయకురాలికి చెప్పినట్టు అన్నాను.

డాక్టరుగారికి ఫోను చేసి, పాప సంగతి చెప్పి, పెట్టే తీరు సరిచేస్తే సర్దుకుంటుందని మొదలుపెట్టాను. ఆయన మొదటిసారి నా మాటకు అడ్డం వచ్చారు. "మేడం, అవన్నీ తర్వాత. పిండిన పాలు కొంచెం తాపి, వెంటనే పాపను ఆసుపత్రికి తీసుకెళ్లండి. నేను ఫోను చేసి చెప్తాను." అప్పుడు నాకు తెలివొచ్చింది. నేను పాపను చూడటం మానేసి నా ఫ్లెక్సీని చూస్తున్నాను.

ఆ పిల్లకు పాలు లేకపోవడం కాదు. రొమ్ములు గట్టిపడి ఉన్నాయి, చనుమొనలు చిట్లి ఉన్నాయి. చేత్తో ఎలా పిండాలో చూపిస్తే నిమిషాల్లో పాలు వచ్చాయి. తాపడానికి చిన్న గిన్నె అడిగాను. అత్త లోపలికెళ్లి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఉగ్గుగిన్నె తీసి, నా మొహం చూస్తూ తెచ్చింది.

"నువ్వు చూస్తే అరుస్తావని దాచినా నర్సమ్మా" అంది.

దాన్ని నీళ్లలో మరగబెట్టి, చల్లార్చి, నా చేతులతో నేనే పట్టాను. కాళ్లు గీరుతూ, వీపు రుద్దుతూ, చుక్క చుక్కగా. మూడో చుక్కకు పాప మింగింది. గుటక ఆ వసారాలో అందరికీ వినపడింది. ఆశ నా వైపు చూడలేదు, పాపనే చూస్తోంది. ఆమె మంచితనం అది.

ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచారు. మొదటి రోజు గండంలాగే గడిచింది, పాపకు షుగరు పడిపోయి ఉంది. రెండో రోజు నుంచి కొంచెం కొంచెం తేరుకుంది. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో తాపుతూ, మధ్యలో రొమ్ముకు పెట్టడం నేర్పాం. పొట్టకు పొట్ట, నోరు పెద్దగా తెరిచాకే పెట్టడం, పైట పక్కకు తీసేయడం. ఆ పిల్లకు రావడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పాప సరిగ్గా పట్టుకుంది. ఆ పిల్ల ఆశ్చర్యపోయి నన్ను చూసింది.

"నొప్పి లేదు మేడం."

"నొప్పి ఉండకూడదమ్మా. మరి పది రోజులు చెప్పకుండా ఎట్టా ఓర్చుకున్నావు?"

"బొమ్మలో ఆమె నవ్వతా ఉండాది గదా మేడం. నొప్పి నాకొక్కదానికే ఉండాదేమో, నాకే చేతగావడం లేదేమో అనుకున్నా."

ఆ మాటకు నేను బాత్రూములోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాను. చెప్పాల్సిన సమయం అదే. చెప్పలేదు. వరండాలో అత్త వచ్చే పోయే వాళ్లందరికీ, "పిల్లకు తెలివి లేదమ్మా, పాలుండి గూడా బిడ్డను ఎండబెట్టింది" అని చెబుతూ ఉంది. నేను ఆమె పక్కనుంచే నడిచి వెళ్లాను. విన్నాను, ఊరుకున్నాను. తిరిగి నన్నేమైనా అడుగుతారేమోనని ఫోను చూసుకుంటూ నడిచాను.

పాపను ఇంటికి తీసుకెళ్లిన వారంలోనే ఫ్లెక్సీలన్నీ దింపించాను. చినిగిపోయాయి, రంగు వెలిసింది, ఏదో ఒక సాకు. ఆ వసారాలోది కూడా తీసేయమని ఆశకు చెప్పాను.

"మీరే విప్పండి మేడం" అంది. గొంతు పెంచలేదు. నన్ను తిట్టినా అంత తగిలేది కాదు.

నేనే వెళ్లాను. వేట మనిషి వేసిన ముళ్లు, విప్పడానికి నా వల్ల కాలేదు. కత్తిపీట అడిగి తాళ్లు కోశాను. అత్త నిలబడి చూస్తోంది. "ఎందుకు తీస్తా ఉండావు నర్సమ్మా, ఎండ కొడతాది గదా బిడ్డకు?" అంది. "పాతదయిపోయింది, కొత్తది ఇస్తాలే" అన్నాను. లోపల మంచం మీద ఆ పిల్ల పాపకు పాలిస్తూ నన్నే చూస్తోంది. ఆమెకు తెలుసు. నేను చెబుతానేమోనని చూస్తోంది. ఫ్లెక్సీ చుట్టచుట్టి చంకలో పెట్టుకొని వచ్చేశాను. స్కూటీ దాకా నడుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరో ఊళ్లో దొంగతనం చేసి పోతున్నట్టు అనిపించింది, ఆ ఎవరో నేనే.

పాపకు ఒకటిన్నర నెల నిండిన తర్వాత టీకాల రోజు అంగన్‌వాడీలో పెట్టాం. తల్లులు, అత్తలు, పసిబిడ్డలు, గది నిండింది. మగవాళ్లు ఎప్పట్లాగే బయట వేపచెట్టు పక్కన బైకుల మీద కూర్చున్నారు. ఆ పిల్ల అందరికంటే చివర, గోడకు ఆనుకొని కూర్చుంది. పాప మూడు కిలోల ఎనిమిది వందలు. బుగ్గలొచ్చాయి. నేను తూకం చూసి పైకి చదివాను, అందరూ వినాలని. పక్కనున్న ముసలామె ఒకావిడ పాప గడ్డం పట్టుకొని, "పాలే ఇయ్యలేదన్నారే, డబ్బా పాలా?" అంది. అత్త వెంటనే అందుకుంది. "ఇప్పుడు దాని పాలే తాపతా ఉండాదిలే. అప్పుడే బిడ్డను చంపబోయింది మా పిల్ల. ఏం జెప్పేది, తల్లి లేదు గదా, ఎవురు నేర్పతారు?" అని నవ్వుతూనే అంది. ఆ అత్త చెడ్డ మనిషి కాదు. ఆమెకు తెలిసింది ఆమె చెబుతోంది. తెలియాల్సింది చెప్పవలసిన మనిషి నోరు మూసుకొని ఎదురుగా కూర్చుని ఉంది.

ఆ పిల్ల పాప చెవిలో దూది సర్దుతున్నట్టు తల వంచుకుంది. ఆశ టీకా పెట్టె మూత పెట్టి నా వైపు చూసింది. రెండు నెలలకు దగ్గరవుతోంది, ఆమె ఒక్కసారి కూడా ఈ సంగతి ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఊళ్లో నా మాట కంటే ఆమె మాటే చెల్లేది.

నేను లేచి నిలబడ్డాను. మైకు లేకుండా వందమందికి వినబడే గొంతు నాది, ఆ రోజు మాత్రం పీలగా వచ్చింది.

"అమ్మా, ఒక్క మాట. ఈ పిల్ల తప్పేం లేదు. ఆ ఫ్లెక్సీలో బొమ్మ తప్పు. అట్ట పెడితే ఏ బిడ్డా తాగదు. ఆ బొమ్మ తీయించింది నేను. ఫోటో బాగుండాలని బిడ్డను నేనే అట్ట పండబెట్టినా, పైట నేనే లాగినా. ఈ పిల్ల ఆ బొమ్మ చూసి నేర్చుకునింది. తప్పు నాది."

ఒక పసిబిడ్డ టీకా నొప్పికి ఏడుస్తోంది. అత్త నా వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూసింది.

"అంటే మా పిల్లకు చేతగావడం గాదంటావు?" అంది.

"కాదు. పది రోజులు నొప్పి ఓర్చుకొని నేను చూపించింది చూపించినట్టు చేసినాది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం నర్సమ్మా?"

"సిగ్గేసింది" అన్నాను.

అత్త లేచి కోడలి పక్కకు వెళ్లి కూర్చుంది. ఎవరో ఒకరిద్దరు నాకు ఏదో సర్దిచెప్పబోయారు, పెద్దదానివి, ఇంత సేవ చేశావు అని. నేను కూర్చోబోయాను. అప్పుడు చివర గోడ దగ్గర నుంచి ఆ పిల్ల తలెత్తింది. కాన్పయినప్పటి నుంచి నలుగురిలో ఆమె గొంతు వినడం అదే మొదలు.

"మేడం, ఇంకొకసారి చెప్పండి. గట్టిగా చెప్పండి. మా ఇంటాయన బయట ఉండాడు, ఆయనకు వినపడలా."

నేను కిటికీ దగ్గరకు వెళ్లి, రెండు రెక్కలూ తెరిచి, మొదటి నుంచి మళ్లీ చెప్పాను.